మంచినీళ్లు

మా తమ్ముడు వెంకటకృష్ణ యూనివర్సిటీ కాంపస్‌లో జువాలజీ చెప్పేవాడు. పెళ్లి చేసుకోలేదు. హైదరాబాదు తార్నాకలో నేనూ వాడూ ఉండే ఫ్లాటులో, హాలు సగం మింగేసే గాజుతొట్టి పెట్టి, ఉప్పు కలిపిన నీళ్లలో పగడాలు పెంచాడు. ఉంగరంలో పొదిగేవి కావు, బతికున్నవి. మహా నాజూకువి. వేడి కాస్త పెరిగినా, ఉప్పు కాస్త ఎక్కువైనా చచ్చి ఊరుకునేవి. చివరికి ఊదారంగు కొమ్మ ఒక్కటి నిలిచింది.

"రాళ్లకి ఊడిగం చేస్తున్నావురా" అనేదాన్ని.

"రాయి కాదక్కా, ప్రాణి" అని నవ్వేవాడు. నా నోటికి జడవకుండా నవ్వింది వాడొక్కడే.

ఈ ఏప్రిల్‌లో గుండె ఆగి పోయాడు. మర్నాటి నుంచీ లేవగానే ఆ కొమ్మ చివర్లు విచ్చుకున్నాయో లేదో చూసేదాన్ని. విచ్చుకుంటే వాడు ఇంట్లో ఉన్నట్టే ఉండేది.

అస్థికలు గోదావరిలో కలపడానికి రాజమండ్రి వెళ్తూ, పనిచేసే లచ్చమ్మకి తొట్టిమీద గీత చూపించాను.

"నీళ్లు ఆవిరై గీత దిగితే మంచినీళ్లు పొయ్యి. ఉప్పునీళ్లు మాత్రం వద్దు."

మా ఇంట్లో మంచినీళ్లంటే వాడు ఫిల్టరు పట్టి నీలం డ్రమ్ములో నింపుకున్న నీళ్లు. ఇరవై ఏళ్లుగా అదే మాట.

"గట్లనే అమ్మా" అంది.

ఆడది చెయ్యకూడదన్న పంతులుతో పోట్లాడి, నా తమ్ముడికి నేనే నీళ్లొదిలాను. కంట చుక్క రాలేదు. నాలుగోరోజు తిరిగొచ్చి తలుపు తీస్తే కొమ్మ తెల్లగా ఉంది. ఊదా చర్మం పొరలు పొరలుగా ఊడి అడుగున పడింది.

వాడి శిష్యురాలు కౌముదిని పిలిచాను. కాంపస్ నుంచి పరుగున వచ్చి నీళ్లు పరీక్ష చేసింది.

"క్లోరిన్ ఉంది ఆంటీ. నల్లా నీళ్లు పోసినట్టున్నారు."

"బతుకుతుందా?"

తల అడ్డంగా ఊపింది.

అంతలో లచ్చమ్మ వచ్చింది. "ఏం పోశావు ఇందులో?" అని విరుచుకుపడ్డాను.

"మంచినీళ్లే అమ్మా. ఉప్పునీళ్లు వద్దంటివి గదా, బోరు నీళ్లు చుక్క గూడ పొయ్యలే. మన నల్లా రెండొద్దులు రాలే. సారు చదువు చెప్పిన కాడ నల్లా ఉన్నది గదా, గాడ పట్టుకొని బిందె నెత్తిన పెట్టుకొని తెచ్చిన."

ఈ ఊళ్లో బోరువి ఉప్పునీళ్లు, నల్లావి మంచినీళ్లు. ఆ సంగతి నాకు తెలియదా? డ్రమ్ము అన్న ఒక్క మాట చెబితే నా సొమ్మేం పోయేది?

లచ్చమ్మ తొట్టి దగ్గరికి వెళ్లి మురిసిపోయింది. "జూడుమ్మా, తెల్లగ ఎంత మంచిగ పూసిందో!"

కౌముది ఏదో చెప్పబోయింది. చెయ్యి పట్టుకుని ఆపాను.

"పూసింది లచ్చమ్మా" అన్నాను. గోదావరి ఒడ్డున రాని ఏడుపు అప్పుడొచ్చింది. కూలబడి ఏడ్చాను.

లచ్చమ్మ కొంగుతో నా మొహం తుడిచింది.

"ఏడ్వకుమ్మా. ఇంకో బిందెడు తెచ్చి పెట్టిన. పొయ్యమంటవా?"