నాలుగింటి కేకు

సాయంత్రం నాలుగింటికి బస్ స్టేషన్ మూడో కౌంటర్లో టికెట్లు ఆగిపోయేవి. టికెట్లావిడ కళ్లు మూసుకుని ఉత్త నోరు చప్పరించేది. కొత్తవాళ్లెవరైనా విసుక్కుంటే వెనకవాళ్లే సర్దిచెప్పేవాళ్లు, కాస్త ఆగవయ్యా, వాళ్లాయన కేకు తింటున్నాడని.

ఆవిడకి షుగర్ అని తేలి పదకొండేళ్లు. తీపికి నోరు కట్టేసుకుని ఆ రోజంతా ఏడ్చింది. మర్నాడు బేకరీలో పనిచేసే ఆమె మొగుడు పొయ్యి దగ్గర కేకు ముక్క నోట్లో పెట్టుకున్నాడో లేదో, ఆ రుచి ఇక్కడ ఈవిడ నాలుక మీదికొచ్చింది. ఒంట్లో షుగరు మాత్రం పెరగలేదు. డాక్టరు కూడా ఆ సంగతి చీటీలో రాసుకుని, సరే కానివ్వండన్నాడు. అప్పట్నుంచీ పెళ్లాం కోసం ఆయన రోజూ తింటూనే వచ్చాడు.

తినగా తినగా ఆయనకీ వచ్చింది షుగరు. రాక చస్తుందా? రక్తపరీక్షకి ముందు రెండ్రోజులు పస్తుండేవాడు. రిపోర్టు బాగుందని ఇద్దరూ సంబరపడేవాళ్లు. ఆ పస్తుల సంగతి ఆవిడకి తెలుసు, అయినా చూసీ చూడనట్టు ఊరుకుంది. జిహ్వ అలాంటిది.

ఒకరోజు బేకరీలో వేడి రేకు షుగరుకి మొద్దుబారిన పాదం మీద పడినా ఆయనకి తెలియలేదు. పక్కవాడు అరిస్తే చూసుకున్నాడు. ఆస్పత్రిలో రెండు కాలివేళ్లు తీసేశారు. ఈసారి మూడు నెలల తిండీ బయటపెట్టే పరీక్ష చేసి, ఇలాగే తింటే కాలే పోతుందని డాక్టరు చెప్పేశాడు. అయినా పనిలోకి వెళ్లిన మొదటి రోజే, నాలుగింటికి ఆవిడ నోట్లో కేకు.

ఇంటికొచ్చి నిలదీస్తే నవ్వాడు. "నీకున్న సుఖం అదొక్కటేగా. పోతే పోనీవే కాలు."

ఆవిడ జన్మలో ఆయనకి అబద్ధం చెప్పి ఎరగదు.

"ఊరికే అడిగానండీ. నెల్రోజులుగా నా నాలుక మీదికి ఏ రుచీ రావడం లేదు. మీరు తిన్నా ఒకటే, తినకపోయినా ఒకటే."

 మర్నాడే ఆయన కేకు మానేశాడు.

మూడు నెలలకి, పస్తుండకుండానే రిపోర్టు బాగొచ్చింది. కాలు నిలబడింది.

ఇప్పుడు నాలుగింటికి కీరదోస ముక్కల రుచి వస్తోంది. ఎవరికీ అనుమానం రాకుండా ఆవిడ తల వంచుకుని టికెట్లు కోస్తూనే ఉంటుంది. నిన్న ఆ చప్పటి రుచిలో ఉప్పు తగిలింది. ఆయన ముక్కలకి ఉప్పు అద్దుకోడు. కన్నీళ్లు నోట్లోకి జారితే వచ్చే ఉప్పదనం అది, ఆవిడకి బాగా తెలుసు. ఎందుకు ఏడుస్తున్నారని అడగడానికి లేదు. అడిగితే రుచి ఇంకా వస్తోందని తెలిసిపోయి రేపు మళ్లీ కేకు తింటాడు.

"ఎన్ని టికెట్లు?" అంది ఆవిడ, ఎదుటి మనిషిని.