అవ్వ ఇత్తులు

పెళ్లాం భూదేవితో వాదించి వాదించి సాంబయ్యకు నోరు నొప్పి పుట్టింది. చిట్యాల పక్కన వాళ్లకున్న రెండెకరాల్లో ఆమె ఏటా ఒకటే రకం వరి వేయిస్తుంది. పెళ్లయిన ఏడు తల్లి కొంగున కట్టి పంపిన ఒక్క వెన్ను నుంచి పెంచుకొచ్చిన విత్తనం అది. తల్లి పోయింది, వడ్లు మిగిలాయి.

“గీసారన్న ఇత్తులు మార్సుదామే” అంటే చాలు, “మా అవ్వ మీద పడ్డవేంది?” అని తల్లి పేరెత్తి కయ్యిమంటుంది. ఇంక ఎవడు మాట్లాడతాడు!

వరి పువ్వు విచ్చుకునేలోపే తన పుప్పొడి తానే పూసుకుంటుంది, బయటి సంబంధాలు చూడదు. అందుకే ఆ పొలంలో మొక్కలన్నీ ఒకే తానులో ముక్కలు. ఎత్తు ఒకటే, గింజ ఒకటే, రోగమొస్తే చావూ ఒకటే. సాంబయ్య భయమంతా ఆ చివరి మాట గురించే.

నిరుడు విత్తనపు మడిని కొడవలితో కోద్దామంటే భూదేవికి మోకాళ్లు సహకరించలేదు. సాంబయ్య కోత మిషన్ పెట్టించాడు. అంతకుముందే వేరేవాళ్ల పొలం కోసొచ్చిన ఆ మిషన్ కడుపులో నాలుగు గింజలు ఉండిపోయి, వీళ్ల విత్తనంలో కలిశాయి. ఈ ఏడు అక్కడక్కడా బెరుకులు, అంటే వేరే రకం పొడుగు మొక్కలు తలెత్తాయి. భూదేవి రోజూ బురదలో దిగి ఆ బెరుకులను పీకుతూనే మొగుణ్ణి దులిపేసింది.

“మా అవ్వ ఇత్తులు ఖరాబ్ జేసినవ్!”

వరి ఈనే వేళకు అగ్గితెగులు దిగింది. మందు కొట్టినా ఆగలేదు. వెన్నులన్నీ మెడ దగ్గర నల్లబడి తాలు పోయాయి. పచ్చగా నిలిచినవి మూలన ఆమె కంటపడకుండా తప్పించుకున్న బెరుకులే, పిడికెడు.

భూదేవి సరిగ్గా వాటి వైపే దిగింది. సాంబయ్యకు ఒళ్లు మండిపోయింది.

“నీకు దండం బెడ్తనే! గవన్న ఉండనియ్యి!”

ఆమె చీర చెంగు చించి ఆ మొక్కలకు కట్టింది. విత్తనానికి ఎంచిన వరికి ఆమె తల్లి అట్లాగే కట్టేది.

“ఇయ్యాల పోయింది మా అవ్వ” అని గట్టిగా ఏడ్చింది. కాసేపటికి ముక్కు తుడుచుకుని ఇటు తిరిగింది. “గివి కోసేటప్పుడు మిషన్ తేకు. వేరే ఇత్తులు కలిస్తే ఊకోను.”

మళ్లీ మొదటికే వచ్చింది! సాంబయ్య ఆమెను గట్టెక్కించడానికి చెయ్యి చాచాడు.