అసాబి పాతిన గుంజలు

భర్త సాలావు పోయాక అత్తింటివాళ్లు అసాబికి పెండలం పొలం ఒక చెక్క వదిలారు, అదీ దయతలిచి. దున్నుకో, పండించుకో, తిను. చెట్టు మాత్రం నాటకు. ఇసేయిన్ ఊరి చుట్టుపక్కల ఎక్కడైనా అంతే, చెట్టు ఎవరు నాటితే నేల మీద హక్కు వాళ్లది. పిల్లాజెల్లా లేని ఆడదానికి హక్కెందుకని ఆ ఇంటివాళ్ల లెక్క.

ఆమెకంటూ ఉన్నవి పుట్టింటి నుంచి తెచ్చుకున్న గొర్రెలే. వానలు వెనకబట్టి ఎండుగాలి మొదలైందంటే గడ్డి పీచైపోతుంది. ఎంత మేసినా పొట్ట ఉబ్బడమే గాని ఒంటికి పట్టదు. తల్లుల దగ్గర పాలుండవు, పిల్లలు కళ్లముందే రాలిపోతాయి. ఏటా వాటిని పూడ్చివచ్చి అసాబి ఆ రోజు అన్నం ముట్టేది కాదు.

ఆ ఏడు పెండలం తీగలు పాకడానికి గిరిపుష్పం కొమ్మలు నరికి పాతింది. దుంప తవ్వాక గుంజలు పీకేయాలి. నడుం నొప్పని బద్ధకించింది. అవి వేళ్లు తన్ని చిగుళ్లేసి, గడ్డి మాడినా పచ్చగా నిలబడ్డాయి. ఆకు కోసి వేస్తే గొర్రెలు వాసన చూసి మొహం తిప్పుకున్నాయి. మహారాణుల్లా ఈ టెక్కేమిటని తిట్టి వదిలేసింది. మర్నాడు అదే ఆకు వాడిపోతే కుమ్ముకుని తిన్నాయి. ఇక రోజూ గడ్డితో పాటు గంపెడు వాడిన ఆకు. ఈసారి ఒక్క పిల్ల కూడా పోలేదు. ఆ సంబరంలో గుంజలు చెట్లయ్యాయన్న సంగతే మరిచిపోయింది.

భర్తకు అన్నగారైన బాకరే మరవలేదు. పెద్దలను వెంటేసుకుని పొలానికొచ్చాడు. అసాబి మోకాళ్ల మీద కూర్చుని, ఇవి గుంజలే, తాను నాటిన చెట్లు కావని మొత్తుకుంది. ఆ పెద్దలూ ఏటా గుంజలు పాతేవాళ్లే, అవి ఎలా చిగురిస్తాయో ఎరిగినవాళ్లే. ఒక్కడు నోరు విప్పితేగా!

“చెట్లు మీవే బావగారూ. ఎక్కడ ఒట్టు వెయ్యమన్నా వేస్తాను. ఆకు కోసుకోనివ్వండి చాలు.”

“ఇవాళ ఆకంటావమ్మా. రేపు నువ్వు పోయాక మీ అన్న కొడుకులొచ్చి ఇది మా అత్త చెట్టు, కింద నేల మాదే అంటారు. అప్పుడు నేనెవరితో చెప్పుకోను?”

“నాకా దురాశే ఉంటే ఈ గుంజలెందుకు? తరతరాలు కాసే కోలా మొక్కలే నాటేదాన్నిగా.”

“విన్నారా?” అని బాకరే పెద్దల వైపు తిరిగాడు. “మనసులో ఉందన్నమాట.”

అంతే, తలలన్నీ ఊగాయి. చెట్లను ఆమె చేతే పీకించాలన్నారు. ఆమే పీకితే ఉత్త గుంజలు, ఇంటివాళ్లు పీకితే ఆమె చెట్లని ఒప్పుకున్నట్టవుతుందట! ఎంత తెలివో. మచ్చుకత్తితో వేళ్లు నరుకుతూ అసాబి ఒక్కొక్కటే లాగింది. పెద్దలు ఇంకా పీకని చెట్టు నీడన కూర్చుని, అదీ పోగానే పక్కదాని కిందికి జరిగారు. ఒక్కరూ చెయ్యి సాయం పట్టలేదు.

మర్నాటికి ఆకు గుట్టలుగా వాడింది. గొర్రెలు ఎన్నడూ లేనంతగా మేశాయి. రేపటి సంగతి ఆ మూగజీవాలకేం తెలుసు?

బాకరే దొడ్డి దగ్గర ఆగి పెద్ద పొట్టేలు వీపు తడిమాడు.

“ఇలేయా పండక్కి ఖుర్బానీకి దీన్నే కోద్దామమ్మాయ్. అప్పటిదాకా చిక్కిపోకుండా చూడు.”

“అలాగే బావగారూ,” అంది అసాబి, మోకాళ్ల మీద కూర్చుని.