సుప్రజతో పాటు లేచే సముద్రం

యెన్స్ అనే టీచరు తరగతిలోకి రాగానే సుప్రజ లేచి నిలబడుతుంది. ఆమెతో పాటు కిటికీ బయట సముద్రం కూడా లేచి నిలబడుతుంది.

మిగతా పిల్లలెవరూ లేవరు. డెన్మార్క్‌లో ఆ చిన్న ఊరి హైస్కూల్లో టీచరొస్తే లేచే అలవాటు లేదు. ఆయన్ని పేరు పెట్టి పిలుస్తారు, ఆయన ఎదుటే ఆపిల్ కొరుక్కుంటారు. ఇక్కడి పిల్లనొకర్ని అక్కడికీ, అక్కడి పిల్లనొకర్ని ఇక్కడికీ మార్చే పథకంలో రెండేళ్ళ చదువుకని చీరాల నుంచి వచ్చిన సుప్రజకు మాత్రం, టీచరు బూట్ల చప్పుడు వినపడితే చాలు, మోకాళ్ళు వాటంతటవే నిటారవుతాయి. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. సముద్రానికి ఈ మర్యాద కొత్త. కొత్తదైనా బాగా నచ్చినట్టుంది, ఒళ్ళో ఉన్న పడవల్ని ఒడ్డున దించేసి మరీ, రెండో అంతస్తు ఎత్తున, నీళ్ళు కారుకుంటూ నిలబడుతుంది.

"కూర్చోండి, ఇద్దరూ" అంటాడు యెన్స్.

సుప్రజ కూర్చుంటుంది. సముద్రం కూర్చోదు. దానికి నిలబడటం వచ్చు, పడుకోవడం వచ్చు, మధ్యలోది చేతకాదు. కాసేపు కిటికీకి ముఖం ఆనించి పాఠం విని, తర్వాత వెళ్ళి తన చోట తాను పడుకుంటుంది.

నెల తిరక్కుండానే సుప్రజకు సంతోషం పట్టలేక కాళ్ళు నేలమీద ఆనడం మానేస్తాయి. మాట వరసకు కాదు, నిజంగానే బెత్తెడు ఎత్తున తేలుతుంటాయి. ఆమె ఉంటున్న ఇంటివాళ్ళ అమ్మాయి సీన్యెది కూడా అదే తరగతి. రోజూ పొద్దున్నే సుప్రజ బ్యాగు పట్టీని తన సైకిల్ వెనక కట్టుకుని స్కూలుకు లాక్కెళుతుంది. దారి పొడుగునా సుప్రజ గాల్లో ఊగుతూ, కనపడిన ప్రతి చిమ్నీకీ నమస్కారం పెడుతుంది. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. ఈ పిల్ల పొద్దునే కాదు, నేలను కూడా ఎరగదు.

ఎందుకుండదు సంతోషం? చీరాల స్కూల్లో ల్యాబ్ సామానంతా అద్దాల బీరువాలో తాళం వేసి ఉండేది, తాళంచెవి హెడ్‌మాస్టారి మొలతాడుకు ఉండేది. ఇక్కడ సీసాలన్నీ బల్ల మీదే ఉంటాయి. "కలిపి చూడు" అంటుంది సీన్యె. సుప్రజ ఒక సీసాలోది ఇంకో సీసాలో పోస్తుంది. ఊదారంగు మబ్బొకటి బయటికొచ్చి ఆమె భుజమెక్కి కూర్చుంటుంది. ఎవరూ తిట్టరు. సాయంత్రం దాకా ఆ మబ్బును మోసుకుని తిరుగుతుంది, లైబ్రరీలో మాత్రం దాన్ని గొడుగుల పక్కన పెట్టి వెళుతుంది.

చిక్కల్లా యెన్స్ అడిగే ఒక్క మాటతోనే. ఏ పాఠం చెప్పినా చివరికి ఆమె వైపు తిరిగి, "నీకేమనిపిస్తోంది?" అంటాడు.

చీరాలలో ఐదో తరగతి చెప్పి, ఆ తర్వాత పదో తరగతి దాకా ట్యూషన్ కూడా చెప్పిన బాలకోటయ్య మాస్టారు ఆమెతో అన్నీ బట్టీ పట్టించారు. కిరణజన్య సంయోగక్రియ గుక్క తిప్పుకోకుండా చెప్పగలదు. ఏమనిపిస్తోందో మాత్రం ఆయన నేర్పలేదు. అందుకని లోపల చేతికందిన జవాబొకటి తీసి అప్పజెబుతుంది. అప్పజెప్పిన జవాబు ఆమె నోట్లోంచి దిగి, రెండు జడలు, ఎర్ర రిబ్బన్లు సర్దుకుని, చేతులు కట్టుకుని ఖాళీ కుర్చీలో కూర్చుంటుంది.

చలికాలం దాటేసరికి తరగతిలో ఖాళీ కుర్చీ మిగలదు. జవాబులు బుద్ధిమంతులు. క్యాంటీన్‌లో నల్లరొట్టె పెడితే మారుమాట లేకుండా తింటాయి. ఎవరైనా అడిగితేగానీ మాట్లాడవు. ఎవరూ అడగరు. వాటిని చూస్తే సుప్రజకు జాలేస్తుంది. వెంటబెట్టుకొచ్చి ఊరికే కూర్చోబెట్టానే అని బాధపడుతుంది.

మంచు కరిగాక ఒకరోజు యెన్స్ పరీక్షల సంగతి చెబుతాడు.

"పరీక్ష నోటితోనే. ఆకుపచ్చ గుడ్డ పరిచిన బల్లకు అవతల నేనూ, పక్క ఊరి నుంచి వచ్చే పరీక్షకురాలూ కూర్చుంటాం. ఇవతల మీరు కూర్చుంటారు. ఎవరి ప్రశ్న వాళ్ళే తెచ్చుకోవాలి."

సుప్రజ లేచి నిలబడుతుంది. సముద్రం కూడా లేస్తుంది. "తేవాల్సింది జవాబు కదా సార్?"

"జవాబులు పెట్టుకోడానికి మా దగ్గర చోటెక్కడుంది? నువ్వే చూస్తున్నావుగా, కుర్చీలన్నీ నిండిపోయాయి. ప్రశ్న కావాలి. నీది, ఇంకొకరిది కానిది."

ప్రశ్న తేనివాళ్ళ కుర్చీని ఆ సాయంత్రమే ఎయిర్‌పోర్టుకు పంపేస్తారట. కుర్చీ వెళ్ళాక మనిషి ఉండి చేసేదేముంది, దాని వెనకే వెళ్ళాలి. సుప్రజ తన కుర్చీని గట్టిగా పట్టుకుంటుంది. ఇంకా కలపని సీసాలు ఎన్ని ఉన్నాయి. మబ్బుకింకా పేరైనా పెట్టలేదు. ఇంకో ఏడాది ఇక్కడ ఉండి తీరాలని ఆమెకు ఎంత బలంగా అనిపిస్తుందంటే, కుర్చీతో సహా బెత్తెడు పైకి లేస్తుంది.

ఇంటికెళ్ళే దారిలో సీన్యె ఇంకో విశేషం చెబుతుంది. పరీక్ష గది బయట ఇంట్లోవాళ్ళు చిన్న జెండా పట్టుకుని నిలబడతారు. బాగా చేసి వస్తే ఊపుతారు. "మాకు పుట్టినరోజైనా జెండానే, పరీక్షైనా జెండానే. కానీ ప్రశ్న లేకుండా వెళ్ళినవాళ్ళకు జెండా విచ్చుకోదు" అంటుంది.

ఆ మాట సుప్రజ తన తల్లి నాంచారమ్మకు ఫోన్లో చెబుతుంది. నాంచారమ్మ చీరాలలో మగ్గం నేస్తుంది. ఫోన్ చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని నేత నేస్తూనే మాట్లాడుతుంది.

"జెండా ఊపటానికేం భాగ్యమే, గుడ్డ నా చేతిలోదేగా. నేను రావాలంటే మధ్యన ఆ సముద్రం అడ్డంగా పడుకుందిగా. అది కాస్త తప్పుకుంటే నడిచి రానూ?"

"దాంతో చెప్పనా అమ్మా?"

"చెప్పి చూడు. ముందు నువ్వా ప్రశ్న సంగతి చూసుకో. తిన్నావా?"

సుప్రజ ప్రశ్న కోసం వెతకని చోటు లేదు. లైబ్రరీలో వెతుకుతుంది, సీసాల్లో వెతుకుతుంది, మబ్బును దులిపి చూస్తుంది. దొరికినవన్నీ ఎవరెవరివో. పరీక్ష రోజు పొద్దున్న, ఇక గత్యంతరం లేక, తన జవాబుల ముందుకే వెళ్ళి నిలబడుతుంది.

"మీలో ఎవరి దగ్గరైనా ప్రశ్న ఉందా?"

జవాబులు ఒకదాని మొహం ఒకటి చూసుకుంటాయి. ముందు వరసలోని కిరణజన్య సంయోగక్రియ చెయ్యెత్తుతుంది. "మా దగ్గరెందుకుంటది? నీ ప్రశ్న బయట నిలబడుంది. మేం నీలోకి వచ్చేటప్పుడు గుమ్మం పక్కనే చూశాం."

"మరి నాకు చెప్పలేదేం?"

"నువ్వడగలేదుగా."

నిజమే. సుప్రజ తరగతి తలుపు తీస్తుంది. అవతల వసారా ఉంది. చీరాలలో తాను ఐదో తరగతి చదివిన స్కూలు వసారా, సున్నం పెచ్చులూడిన స్తంభాలు, మూలన కుండ. తలుపు పక్కన తొమ్మిదేళ్ళ పిల్ల ఒకతె, నీలం గౌను, సిరా అంటిన వేలు, గోడకు ఆనకుండా నిలబడి ఉంది. సుప్రజకు ఆ పిల్లను చూడగానే గుర్తొస్తుంది. ఐదో తరగతిలో తానడిగిన ప్రశ్న. అడగ్గానే క్లాసంతా నవ్వింది. మాస్టారు దాన్ని బయట నిలబెట్టారు. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు, అందుకని అప్పట్నుంచీ నిలబడే ఉంది. సుప్రజ కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి.

"రా, పోదాం" అంటుంది.

పిల్ల తల అడ్డంగా ఊపుతుంది. "నిలబెట్టినోళ్ళే పిలవాలి."

రూలు రూలే. సుప్రజ పక్క గదిలోకి తొంగి చూస్తుంది. బాలకోటయ్య మాస్టారు కుర్చీలో కూర్చుని సుద్దముక్కను వేళ్ళతో దొర్లిస్తూ ఉన్నారు.

"మాస్టారూ, బయట నిలబెట్టిన పిల్లని లోపలికి పిలుస్తారా?"

"ఏ పిల్లమ్మా?"

"నా ప్రశ్న, మాస్టారూ."

ఆయన కళ్ళజోడు తీసి పంచె చెంగుతో తుడుచుకుంటారు. తుడిచింది మళ్ళీ తుడుస్తారు. "తెలుసమ్మా అక్కడే ఉందని. అందుకే గదా రోజూ వెనక గుమ్మంలోంచి ఇంటికి పోతన్నా. సిలబస్‌లో లేదని నిలబెట్టా గానీ, జవాబు తెలిస్తే నేనెందుకు నిలబెడతా?"

"ఇప్పుడు తెలిసిందా?"

"లేదు. ఇప్పుడూ తెలవదు."

"తెలియకపోయినా పిలవచ్చు కదా."

మాస్టారు సుద్దముక్కను బల్ల మీద పెట్టేస్తారు. అటువంటి పద్ధతి ఒకటుందని ఆయనకెవరూ చెప్పినట్టు లేదు. చివరికి లేచి గుమ్మం దాకా వచ్చి, గొంతు సవరించుకుని, "లోపలికి రామ్మా" అంటారు. పిల్ల వెంటనే సుప్రజ చెయ్యి పట్టుకుంటుంది. ఆ చెయ్యి ఎండలో పెట్టిన రాగిచెంబులా వేడిగా ఉంది. "మార్కులు రాకపోతే మటుకు నన్ననమాక" అని వెనక నుంచి మాస్టారు అంటూనే ఉన్నారు.

ఇద్దరూ గడప దాటేసరికి పరీక్ష గది వస్తుంది.

ఆకుపచ్చ బల్లకు అవతల యెన్స్, ఆయన పక్కన పరీక్షకురాలు. గోడవారగా జవాబులన్నీ వరసగా కూర్చుని ఉన్నాయి. కిటికీ బయట సముద్రం అప్పుడే లేచింది, ఎందుకంటే సుప్రజ నిలబడే వచ్చింది. పరీక్షకురాలు కూర్చోమంటుంది. సుప్రజ కూర్చుంటుంది. పిల్ల ఒళ్ళోకెక్కి చెవిలో ఆ మాట చెబుతుంది. ఇన్నేళ్ళు నిలబడ్డా ఒక్క అక్షరం మర్చిపోలేదు.

సుప్రజ గొంతు విప్పుతుంది. "అలలు లేస్తాయి, పడతాయి. సముద్రం నిలబడుతుంది, పడుకుంటుంది. మరి అది కూర్చునేదెప్పుడు?"

ఎవరూ నవ్వరు. పరీక్షకురాలు గోడవారగా ఉన్న జవాబుల వైపు చూస్తుంది. జవాబుల్లో ఒక్కటీ చెయ్యెత్తదు. అప్పుడు యెన్స్ నెమ్మదిగా కుర్చీ వెనక్కి నెట్టి లేచి నిలబడతాడు. పరీక్షకురాలు లేస్తుంది. రిబ్బన్లు సర్దుకుని జవాబులన్నీ లేస్తాయి. ఇంట్లోకి పెద్దవాళ్ళెవరో వచ్చినప్పుడు లేచినట్టు అందరూ లేచి నిలబడ్డారు. ఆ స్కూల్లో ఇలా జరగడం ఇదే మొదలు. గదిలో కూర్చుని ఉన్నది సుప్రజ ఒక్కతే, ఒళ్ళో ప్రశ్న.

సముద్రం ఇదంతా కిటికీలోంచి చూస్తుంది. అందరూ లేచిన చోట కూర్చున్నదాన్నే అనుకరించాలనిపించిందో ఏమో, కిటికీ తలుపు తోసుకుని, తడి అడుగులు వేస్తూ లోపలికొచ్చి, యెన్స్ కుర్చీ ముందుకు లాక్కుంటుంది. దానికి మోకాళ్ళున్నాయని అప్పటిదాకా ఎవరికీ తెలియదు. వాటిని జాగ్రత్తగా వంచి, కూర్చుంటుంది. రెండు చేతులూ ఆకుపచ్చ గుడ్డ మీద పెట్టుకుంటుంది.

"ఇప్పుడు" అంటుంది.

పరీక్షకురాలు యెన్స్ చెవిలో ఏదో చెబుతుంది. యెన్స్ ముఖం విప్పారుతుంది. "నీ కుర్చీ ఎక్కడికీ వెళ్ళదు సుప్రజా. ఇంకో ఏడాది ఇక్కడే."

సంతోషం ఆమె అరికాళ్ళ నుంచి పైకి ఎగదన్నుతుంది. అప్పుడే కిటికీ అవతల, సముద్రం ఉండాల్సిన చోట, ఖాళీ కనిపిస్తుంది. తడి ఇసుక, గవ్వలు, ఒరిగిన పడవలు, అడుగున ఆ చివర దాకా బాటలాంటి నేల. అంత దూరాన నాంచారమ్మ కుచ్చిళ్ళు ఎగదోపుకుని నడిచి వస్తోంది. చేతిలో చీపురుపుల్ల, పుల్లకు ఎర్రంచు జెండా. జెండా రెండో కొస ఇంకా మగ్గం మీదే ఉంది. చీరాలలో ఆ మగ్గం ముందు బాలకోటయ్య మాస్టారు కూర్చుని, రాని పనైనా నేస్తున్నారు. ఆమె నడిచేకొద్దీ గుడ్డ సముద్రం అడుగున పొడుగ్గా పరుచుకుంటూ వస్తోంది.

అమ్మ కనిపిస్తే లేవకుండా ఎలా? సుప్రజ మోకాళ్ళు కదులుతాయి. ఎదురుగా సముద్రం కూడా బల్ల మీద చేతులానించి లేవబోతుంది.

"లేవమాకే" అని నాంచారమ్మ అక్కణ్ణుంచే కేకేస్తుంది. "నువ్వు లేస్తే అదీ లేస్తది. నేనింకా సగంలోనే ఉన్నా."

సుప్రజ కుర్చీ అంచులు రెండు చేతులా పట్టుకుంటుంది. పాదాలు నేలను వదిలి తేలిపోతుంటే, ఒళ్ళో పిల్ల బరువంతా వేసి అదిమి కూర్చుంటుంది. బల్లకు అవతల సముద్రం కూడా ఆమెను చూసి, అచ్చం అలాగే, తన కుర్చీ అంచులు రెండు చేతులా పట్టుకుంటుంది. ఇద్దరికీ నవ్వాగడం లేదు. జెండా అప్పుడే ఊగడం మొదలుపెట్టింది, నాంచారమ్మ నడుస్తోంది.