డింప్నా పాపిడి

డింప్నా జుట్టు ఆమె పెళ్లినాటి నుంచీ నా చేతిలోదే. శుక్రవారం వచ్చిందంటే కోవ్ ఊళ్లో కొండవాలు మీదున్న నా దుకాణానికి వచ్చి, కుర్చీలో కూలబడి, "చివర్లు లోపలికి తిప్పు బ్రీడా, మా ఆయన వంకపెట్టకుండా" అనేది. పొరలు పొరలుగా నేను కత్తిరించిన జుట్టు భుజాల దగ్గరికొచ్చేసరికి చక్కగా మెడవైపు వంపు తిరగాలి. అంతే ఆవిడ కోరిక. ఆ డింప్నా ఆదివారం పోయింది. మంగళవారం మధ్యాహ్నం వాళ్ల ముందుగదిలో శవపేటిక మీద వంగి నిలబడితే, నా జన్మలో ఎన్నడూ లేనట్టు ఆ జుట్టు నాకు లొంగలేదు.

"అమ్మలా లేదు ఆంటీ," అంది కూతురు గ్రోన్యా.

ఆ మాట చెంపదెబ్బలా తగిలింది. నిజమే మరి. అంత్యక్రియలవాళ్లు తల కడిగి జుట్టంతా వెనక్కి దువ్వి పంపించారు, పాపిడి ఆనవాలే లేదు. నేను పాపిడి తీసి, గుండ్రటి బ్రష్షుకు జుట్టు చుట్టి, వేడిగాలి పట్టాను. ఒకవైపు పొట్టి పొరలు కోడితోకలా బయటికి లేచాయి. ముఖం ఎవరో పరాయిమనిషిది.

"నాన్న బయల్దేరారట. అమ్మని ఇలా చూస్తే తట్టుకోలేరు. మూత పెట్టించేస్తాను," అంది గ్రోన్యా.

ఫిన్‌బార్ ఆసుపత్రిలో ఉండగా పెళ్లాం ఇక్కడ పోయింది. ఆఖరిచూపు కోసం డాక్టర్లను బతిమాలి అంబులెన్సులో తెస్తున్నారు. మూత పడిందంటే ఆయనకు ఆ చూపు దక్కదు.

"ఇంకొక్కసారి చూడనీ అమ్మాయ్."

మళ్లీ తడిపాను, మళ్లీ చుట్టాను. వంపు నిలవాలంటే జుట్టు చల్లారేదాకా బ్రష్షు కదపకూడదు. ఊపిరి బిగబట్టి పట్టుకున్నాను. వదలగానే చివర్లు మళ్లీ బయటికే. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు బ్రష్షును తిట్టాను. అలవాటుకొద్దీ అద్దం కోసం తలెత్తాను. పొయ్యిగూటి మీది అద్దానికి తెల్లదుప్పటి కప్పి ఉంది. శవం ఉన్న ఇంట్లో అద్దం తెరిచి ఉంచరు.

"దాని జోలికెళ్లావో, నీ చెయ్యి విరుస్తా!" ఫిన్‌బార్ అక్క హనోరా మూలనుంచి జపమాల ఊపింది.

"ఒక్క క్షణం వదినా. అద్దం లేకుండా నాకు చెయ్యాడదు."

"ఆడలేక మద్దెల ఓడందట! చేతకాకపోతే చేతకాదని చెప్పు."

అద్దం మీది దుప్పటి వైపే చూశాను. అద్దం లేకుండా నేను డింప్నాను ఎప్పుడు చూశాను? ఇన్నేళ్లూ వెనక నిలబడి, అద్దంలో ముఖంతోనే కబుర్లాడాను. పాపిడి ఎప్పుడూ నా ఎడమచేతి వైపే కనబడేది. ఇవాళ ఎదురుగా నిలబడి కూడా నా ఎడమకే తీశాను. అంటే ఆవిడకు కుడివైపు! ఎడమ పాపిడికని కత్తిరించిన పొరలు అక్కడ ఎలా ఒదుగుతాయి? నా తెలివి తగలెయ్య!

"పేటిక ముందుకు లాగాలి. నేను తలవైపు నిలబడాలి," అన్నాను.

తలవైపు గోడకు ఆనించి ఉంది. పేటిక కింద చక్రాల బల్ల.

"చచ్చినదాన్ని కూడా స్థిమితంగా పడుకోనివ్వవా?" అంది హనోరా.

ఎవరూ కదల్లేదు. కిటికీ బయట బండి ఆగింది. గ్రోన్యా మూత వైపు చూసింది. అప్పుడు హనోరా జపమాల మెళ్లో వేసుకుని లేచి, చక్రం బిగింపును కాలితో తన్ని వదులు చేసింది. "ఏం చూస్తారే, పట్టండి!"

లాగాం. గోడకూ పేటికకూ మధ్య దూరాను. దువ్వెన ఎడమకు పెట్టగానే పాపిడి దానంతటదే దారి చూపించింది. పొట్టి పొరలు బుద్ధిగా వాటి చోట్లో పడ్డాయి. బ్రష్షు చుట్టి, వేడి పట్టి, చల్లారేదాకా కదపకుండా పట్టుకున్నాను. బయట మెట్ల దగ్గర చక్రాల కుర్చీ చప్పుడు.

"ఇంకా వేడిగానే ఉంది," అన్నాను.

హనోరా విసవిసా గుమ్మంలోకి వెళ్లింది. "ఆగరా! ఆ చక్రాలకంత బురదేమిటి? తుడిచి మరీ లోపలికి రా!"

బ్రష్షు వదిలాను. చివర్లు లోపలికి తిరిగి మెడను ముట్టుకున్నాయి. గ్రోన్యా చేత్తో నోరు మూసుకుంది. నాకూ ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

ఫిన్‌బార్‌ను పేటిక పక్కకు తోసుకొచ్చారు. చాలాసేపు చూశాడు. వేలితో ఆ వంపును మెల్లగా తాకాడు.

"ఏమే, ఇవాళ శుక్రవారమా?" అన్నాడు.

తప్పు దొర్లితే ఫాదర్‌నైనా నలుగురిలో సరిదిద్దే మనిషి హనోరా. నేను భయపడుతూ ఆమె వైపు చూశాను.

"శుక్రవారమేరా తమ్ముడూ," అంది.