తేటపడ్డ బీరు

కౌండిన్య ఇంట్లో మొదటిసారి పులియబెట్టిన బీరు చూసి చైతన్యకృష్ణ "ఇది బీరా, కుడితా?" అన్నాడు. అన్నవాడు నవ్వి మర్చిపోయాడు. కౌండిన్య మర్చిపోలేదు. అల్ ఖువైర్‌లో ఒకే బ్యాంకులో ఇద్దరివీ పక్కపక్క సీట్లు. చిన్న మాటకే మొహం మాడ్చుకునే మనిషికి రోజూ ఆ మొహమే ఎదురైతే ఇంకేం కావాలి!

ఈ గల్ఫ్ దేశంలో ఇంట్లో బీరు తయారుచేస్తూ పట్టుబడితే ఉద్యోగం, వీసా రెండూ గల్లంతే. ఆ సంగతి తెలియక కాదు. తెలిసే, ఒక స్నేహితుడి సూట్‌కేసులో రెండో బీరు కిట్ తెప్పించాడు. ఒక డబ్బా మాల్ట్ పాకం, ఒక పొట్లం ఈస్ట్.

"ఎందుకండీ మనకీ తద్దినం?" అంది భార్య స్నిగ్ధ.

"ఈసారి అద్దంలా ఉంటుంది, చూస్తూ ఉండు."

డ్రమ్మును ఏసీ గదిలో పెట్టాడు. పది రోజులకు బుడగలు ఆగిపోయాయి గాని మడ్డి దిగలేదు. అప్పుడు చిల్లగింజ గుర్తొచ్చింది. గోదావరికి వరదొచ్చినప్పుడు కౌండిన్య తల్లి ఆ గింజను అరగదీసి ఎర్రనీళ్ల బిందెలో కలిపేది. తెల్లారేసరికి నీళ్లు తేటపడేవి. ఆవిడ పంపిన పోపుసామాన్లలో గుప్పెడు గింజలు ఉండనే ఉన్నాయి. అరగదీసి ఆ గంధం డ్రమ్ములో కలిపాడు. మూడోనాడు గ్లాసులో పోసి ఎత్తి చూస్తే అవతలున్న స్నిగ్ధ గాజులు లెక్కపెట్టొచ్చు. పొంగిపోయాడు.

తేటపడింది కాబట్టి పులియడం పూర్తయిందనుకున్నాడు మన మేధావి. నీళ్ల లెక్క బీరుకు చెల్లుతుందా? ఏసీ చల్లదనానికి ఈస్ట్ పని మానేసి పడుకుంది, అంతే. తీపి సగం అలాగే మిగిలింది. అది ఎంత మిగిలిందో కొలిచే గాజు గొట్టం మొదటి కిట్‌తోనే వచ్చినా, పెట్టెలోంచి తీసిన పాపాన పోలేదు. ముప్పై సీసాలు నింపి, నురగ కోసం ఒక్కోదాంట్లో చెంచా పంచదార వేసి, మూతలు బిగించి, ఏసీ లేని స్టోర్‌రూమ్‌లో దాచాడు. అది జూన్ నెల. వేడికి ఈస్ట్ లేచి కూర్చుంది, మిగిలిన తీపినంతా తింటూ మూత బిగించిన సీసాల్లో గ్యాస్ నింపుతూ పోయింది.

వారం తర్వాత, శుక్రవారం మధ్యాహ్నం, బియ్యం కోసం స్నిగ్ధ స్టోర్‌రూమ్ తలుపు తీసింది. అడ్డంగా ఉన్న సీసాల పెట్టెను పక్కకు జరిపింది. ఒక సీసా పేలింది. దాని వెంటే ఇంకొకటి.

కౌండిన్య పరుగెత్తుకొచ్చేసరికి ఆమె ఎడమ కన్ను చేత్తో మూసుకుని నేలమీద కూర్చుని ఉంది. వేళ్ల సందుల్లోంచి నెత్తురు కారుతోంది.

"కంట్లో గాజుముక్క గుచ్చుకుందండీ. హాస్పిటల్‌కి వెళ్దాం."

"వెళ్దాం, వెళ్దాం." తువ్వాలు మడిచి చేతికిచ్చాడు. "గట్టిగా ఒత్తి పట్టుకో. ఒక్క పది నిమిషాలు. ఇల్లంతా బీరు కంపు. హాస్పిటల్‌వాళ్లు కబురు పెట్టి పోలీసులొచ్చి చూశారంటే మన పని అయిపోయినట్టే."

పది నిమిషాలు గంట అయింది. దుప్పటి కప్పి ఒక్కో సీసా మూతా తీశాడు, బాత్రూమ్‌లో పారబోశాడు, ఫినాయిల్‌తో కడిగాడు, అగరొత్తులు వెలిగించాడు, గాజుపెంకులు సంచీలో కట్టి కింద చెత్తకుండీలో పడేసి వచ్చాడు. "ఏమండీ, వెళ్దామండీ" అని సోఫాలోంచి మూడుసార్లు వినిపించింది. తర్వాత వినిపించలేదు. భయమేసింది. అయినా డ్రమ్ము తుడవడం ఆపలేదు, సిగ్గులేని మనిషి.

కారులో దారంతా ఆమెకు పాఠం చెప్పాడు. "కూల్‌డ్రింక్ సీసా అని చెప్పు. ఫ్రిజ్‌లోంచి తీస్తుంటే జారి పగిలిందని చెప్పు."

ఆమె తలూపింది.

ఎమర్జెన్సీలో డాక్టర్ తహ్సీన్ తువ్వాలు తీసి చూసింది. "దీన్ని ఒత్తి పట్టుకోమని ఎవరు చెప్పారు?" అని హిందీలో అడిగింది.

"నెత్తురు ఆగుతుందని..."

"చీరుకుపోయిన కంటిని ఒత్తకూడదు. లోపలున్నది బయటికొచ్చేసింది. తేలిగ్గా కప్పి వెంటనే తెచ్చుంటే ఏదో ప్రయత్నించేదాన్ని." కాగితంలో కారణం అన్నచోట 'గాజు' అని ఒక్క ముక్క రాసి, ఆపరేషన్‌కు సంతకం పెట్టించుకుని లోపలికి వెళ్లిపోయింది.

సాయంత్రం వార్డులో స్నిగ్ధకు తెలివొచ్చింది. సగం మొహానికి కట్టు.

"కన్ను ఉంచారా?"

కౌండిన్య తల దించుకున్నాడు. ఆమెకు అర్థమైంది.

"అది ఏం సీసా అని అడిగారా వాళ్లు?"

అడిగారని చెప్పేద్దామనిపించింది. మిగిలిన ఆ ఒక్క కన్నూ అతన్నే చూస్తోంది.

"లేదు. ఎవరూ అడగలేదు."

స్నిగ్ధ అతని చేతిలోంచి తన చెయ్యి తీసేసుకుంది.

"మా నాన్నకి ఫోన్ కలిపి ఇచ్చి, మీరు బయటికి వెళ్లండి."