టువాలు కింద ఆటో

వేలంపాట నిబంధనల కాగితాన్ని రంగనాథ్ మూడు రోజుల్లో బట్టీ పట్టేశాడు. మొత్తం పద్నాలుగు. ఇంట్లో డిగ్రీ దాకా వెళ్లిన మొదటివాడు కాబట్టి, అచ్చులో ఉన్నదేదైనా వాడికి పరీక్ష కిందే లెక్క.

కర్నూలు బయట, జప్తు చేసిన బండ్లను నిలబెట్టిన మైదానంలో పాట. వరుసలో పన్నెండో ఆటో మీద వాడి కన్ను. ఆదివారం వాడి మొదటి బేరంగా కడప నుంచి సుచరిత అనే టీచరు ఇంకో ఇద్దరితో బనగానపల్లెలో దిగుతుంది. యాగంటి, బెలుం గుహలు చూపిస్తానని ఒప్పుకున్నాడు. యాత్రికులను తిప్పే ఆటో అని బోర్డు కూడా రాయించేశాడు. దాన్ని తగిలించడానికి ఆటో ఒక్కటే తక్కువ.

వాడి భయమంతా దేవేంద్రప్పను చూసే. పాటలో బండ్లు కొని తిరిగి అమ్ముకునే ఆదోని వ్యాపారి. పొద్దున్నుంచి ఏ ఆటో వచ్చినా ఆయనదే చివరి మాట.

వాడి నాయన గిడ్డయ్యకు మటుకు ఏ భయమూ లేదు. ముప్పై ఏండ్లు ఎద్దుల సంతల్లో తిరిగిన మనిషి. ఆటో చుట్టూ రెండుసార్లు తిరిగి, టైరును కాలితో తన్ని, "ముందరికాలు ఒకటే ఉండాది, అదీ వంకరే" అని అందరికీ వినబడేట్టు అన్నాడు.

"నాయనా, ఈడ అట్ల అనకూడదు."

"సరుకును తిట్టకుంటే ధర యాడ దిగుతుందిరా?"

రంగనాథ్ పేరు రాయించుకొని వచ్చేలోపు గిడ్డయ్య పని కానిచ్చేశాడు. ఆ సంగతి కొడుక్కి తర్వాతగానీ తెలియలేదు. తెల్లచొక్కా, ఉంగరాలు చూసి దేవేంద్రప్పే ఆ బండ్లకు ఆసామి అనుకున్నాడాయన. "ఏమప్పా, ఆ పన్నెండోది ఎంతకిస్తావు?" అని, భుజం మీది టువాలు తీసి ఇద్దరి చేతుల మీదా కప్పాడు. ఎద్దుల సంతలో ధర చెప్పేది నోటితో కాదు, మూడో మనిషికి తెలియకుండా గుడ్డ కింద వేళ్లతో. దేవేంద్రప్పా సంతల్లో పెరిగినవాడే. పాటలో తక్కువకు కొట్టి ఈయనకు అమ్మితే సరి అనుకున్నాడు. టువాలు కింద వేళ్లు వేళ్లను పట్టుకున్నాయి, నొక్కాయి, కాదన్నాయి, మళ్లీ నొక్కాయి. ఇద్దరూ తలలూపారు.

పన్నెండో ఆటో పాటకొచ్చింది. అరవై వేల దగ్గర మిగతావాళ్లు తప్పుకున్నారు. దేవేంద్రప్ప అరవై ఐదన్నాడు. రంగనాథ్ చెయ్యెత్తాడు. గిడ్డయ్య ఆ చేతిని పట్టుకొని కిందికి లాగాడు.

"బుద్ధుండాదా? మన ఆటోకు మనమే ధర పెంచుకుంటామా?"

"మనదెప్పుడయింది నాయనా?"

"ఇందాకే కొనేసినా."

నాయనకు ఎండదెబ్బ తగిలిందనుకొని రంగనాథ్ రెండో చెయ్యెత్తాడు. గిడ్డయ్య దాన్నీ పట్టుకున్నాడు. రెండు చేతులూ ఇరుక్కుపోయి, రంగనాథ్ "డెబ్బై!" అని అరిచాడు.

దేవేంద్రప్ప నోరు తెరిచాడు. గిడ్డయ్య వైపు చూశాడు. నోరు మూసుకున్నాడు.

ఒకటోసారి, రెండోసారి, మూడోసారి. ఆటో రంగనాథ్‌దైంది.

"ఆ పైకి పాడితే నా చేతిదే పోతాది," అని దేవేంద్రప్ప దగ్గరికొచ్చి గొణిగాడు. "మీ నాయనకు టువాలు కింద ఒక ధరకు మాటిచ్చినా గదా. మీరిద్దరూ ముందే మాట్లాడుకొనుంటే నాకింత మిగిలేది."

సంగతంతా అర్థమైన మరుక్షణం రంగనాథ్‌కు తొమ్మిదో నిబంధన గుర్తొచ్చింది: పాటకు ముందే ధర కుదుర్చుకుంటే ఆ పాట రద్దు. ఆదివారం, టీచరు, బోర్డు కళ్ల ముందు గిర్రున తిరిగాయి. అయినా నేరుగా అధికారి ప్రేమజ్యోతి బల్ల దగ్గరికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పేశాడు.

ఆమె ఆ ఇద్దరినీ పిలిపించి పెన్ను తీసింది. "ఎంతకు కుదిరింది పెద్దాయనా? రాసుకోవాలి."

"టువాలు కింద మాట బయట పెట్టకూడదు తల్లీ. నా పెండ్లానికే చెప్పను."

"మీరు?"

"చెప్తే నన్ను ఏ సంతకూ రానియ్యరు మేడమ్," అన్నాడు దేవేంద్రప్ప.

ప్రేమజ్యోతి ఇద్దరినీ చూసింది, ఎండను చూసింది, ఇంకా మిగిలిన ముప్పై బండ్లను చూసింది. "ధరే లేకుంటే ఏమని రాసేది? సంతకం పెట్టి ఆటో తీసుకుపో, పో."

ఓర్వకల్లు దాటినాక రంగనాథ్ ఆటో పక్కకు ఆపాడు. "నాయనా, నాకన్నా చెప్పు. ఎంతకు కుదిరింది?"

గిడ్డయ్య అటూ ఇటూ చూసి, టువాలు కప్పి కొడుకు వేళ్లను పట్టుకున్నాడు. రెండు నొక్కాడు, ఒకటి వదిలాడు, బొటనవేలు మడిచాడు.

"అంటే ఎంత?"

"డిగ్రీ చదివినావు గదరా," అన్నాడు గిడ్డయ్య, టువాలు దులిపి భుజాన వేసుకుంటూ. "పోనీ పోనీ, పొద్దుపోతాంది."